ఎఫ్‌ఎం స్టీరియో డీకోడర్: ఎడమ, కుడి విడిపోయాయి

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (రేడియో సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే చిన్న యూఎస్‌బీ పరికరం) హైదరాబాద్‌లో 98.3 మిర్చి మోనోలో ఎప్పటినుంచో వస్తోంది. ఇప్పుడు అదే సిగ్నల్లోంచి స్టీరియో బయటికి తీశాను. యాంటెన్నా మామూలు డైపోలే, ఒక్కో కడ్డీ సుమారు 73 సెం.మీ. బాల్కనీ గ్రిల్‌కి దూరంగా కట్టాను. గదిలో చౌకరకం ఎల్‌ఈడీ బల్బు వేస్తే చాలు, రొద మొదలవుతుంది.

శాంపిల్ రేటు (సెకనుకి తీసే కొలతల సంఖ్య) 240 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి, డీమాడ్యులేట్ చేసి (స్టేషన్ తరంగం నుంచి అసలు సిగ్నల్‌ని వేరుచేసి) స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూస్తే అంతా కళ్లముందే ఉంటుంది. 15 కిలోహెర్ట్జ్ దాకా ఎడమ, కుడి కలిపిన మొత్తం. మోనో సెట్టుకి అదొక్కటే చాలు. 23 నుంచి 53 దాకా ఆ రెండింటి తేడా. మధ్య ఖాళీలో 19 దగ్గర సన్నగా, నిటారుగా పైలట్ టోన్, రిసీవర్‌కి ఆనవాలుగా పంపే స్థిరమైన స్వరం. తేడాని మోసే 38 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ని స్టేషన్ అణిచేసి పంపుతుంది, పైలట్‌ని రెట్టింపు చేసి మనమే తయారు చేసుకోవాలి. 1961లో అమెరికా ఆమోదించిన ఈ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పాత సెట్లు మూలపడకుండా స్టీరియో తేవడం అసలైన తెలివి అంటాను.

పని పట్టింది ఫేజ్ దగ్గరే, అంటే తరంగాలు ఒకదానితో ఒకటి ఏ మేర కలిసి నడుస్తున్నాయనే దగ్గర. పైలట్‌ని వేరుచేసే 101 ట్యాపుల (గుణకాల) ఫిల్టర్ 50 శాంపిళ్లు ఆలస్యం చేస్తుంది. మిగతా సిగ్నల్‌నీ అంతే ఆపకపోతే 38 దగ్గర 30 డిగ్రీల తేడా వస్తుంది. అప్పుడు ఎడమ గొంతు కుడివైపు కూడా సన్నగా వినిపిస్తుంది, సెపరేషన్ (ఎడమ, కుడి విడిపోయిన మేర) 23 డెసిబెల్స్ దాటదు. ఆ తేడా 90 డిగ్రీలైతే స్టీరియో మాయం, మిగిలేది మోనోయే. 38 కిలోహెర్ట్జ్ క్యారియర్‌తో గుణించాక సగమైపోయే తేడా సిగ్నల్‌ని రెట్టింపు చేయడం కూడా మరవకూడదు. ఇక మొత్తానికి తేడాని కూడితే ఎడమ, తీసేస్తే కుడి.

డీ-ఎంఫసిస్ (స్టేషన్ పెంచి పంపిన పై ఫ్రీక్వెన్సీలని తిరిగి తగ్గించడం) మనకి 50 మైక్రోసెకన్లు. నెట్‌లో దొరికే కోడ్‌లో తరచూ అమెరికా 75 ఉంటుంది, అలాగే వాడితే తాళాల మోత మందగిస్తుంది.

రొద మాత్రం మోనోకంటే బాగా ఎక్కువ. ఎఫ్‌ఎంలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నాయిస్ పెరుగుతుంది, తేడా సిగ్నల్ ఉండేది ఆ పైభాగంలోనే. అందుకే సిగ్నల్ బలహీనపడితే కారు రేడియోలు మెల్లగా మోనోకి జారుకుంటాయి. అలా మోనోకి జార్చే కోడ్, అంటే బ్లెండ్, నేనింకా రాయలేదు. ముందు 57 దగ్గర ఉండే, స్టేషన్ పేరు లాంటి సమాచారం మోసే ఆర్‌డీఎస్ సంగతి చూడాలి. అది పైలట్‌కి సరిగ్గా మూడింతలు కాబట్టి క్యారియర్ చేతిలో ఉన్నట్టే.