వాడని ఆర్గ్యుమెంట్ తీసేద్దామని కూర్చుంటే

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో మెమరీ మేనేజ్‌మెంట్ కోడ్ కొన్నాళ్లుగా రాత్రి భోజనాలయ్యాక చదువుతున్నా, అట్లా చదువుతుంటే ఫంక్షన్‌లోకి వచ్చి ఎక్కడా వాడకుండా ఉండిపోయే ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు లోపలికి పంపే విలువలు) కనబడతాయి కదా, అవి తీసేస్తూ ఒక చిన్న ప్యాచ్, అంటే కోడ్ మార్పు, పంపుదాం అనుకున్నా. కంపైలర్ వీటి గురించి చెప్పదండి, అదనపు వార్నింగులు చూపించే డబ్ల్యూ=1 పెట్టి బిల్డ్ చేసినా ఈ వార్నింగ్‌ని కెర్నెల్ బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైలే ఆపేస్తుంది, కాబట్టి కళ్లతోనే వెతకాలి.

మొదట దొరికింది క్లియర్_యూజర్_పేజ్, యూజర్ ప్రోగ్రామ్‌కి ఇచ్చే మెమరీ పేజీని సున్నాలతో నింపే ఫంక్షన్. మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86లో దానికి మూడు ఆర్గ్యుమెంట్లు వస్తాయి, లోపల వాడేది మొదటిదొక్కటే. రెండోదైన వీఅడ్రస్ (యూజర్ వైపు వర్చువల్ అడ్రస్) దండగ అనుకుని తీసేసి బిల్డ్ చేసే ముందు ఎందుకో మిగతా ఆర్కిటెక్చర్లలో (ప్రాసెసర్ రకాల్లో) గ్రెప్ కొట్టి వెతికా, మిప్స్ అనే ఆర్కిటెక్చర్ ఫైల్ చూడగానే ఆగిపోయా. అక్కడ ఒకే ఫిజికల్ పేజీ రెండు వర్చువల్ అడ్రస్‌ల కింద క్యాష్‌లో రెండు చోట్ల కూర్చునే ప్రమాదం ఉంది, యూజర్ ఏ అడ్రస్‌తో చూస్తాడో తెలిస్తేనే క్యాష్ ఫ్లష్ చేయాలా వద్దా అని తేల్చగలదు, ఆ తెలిసేది ఈ వీఅడ్రస్ వల్లే. నా మెషీన్‌లో మాత్రం అంతా బాగానే నడిచేది, అదే భయం వేసింది నాకు.

అట్లాగని తీయకూడదనేం లేదు. పేజ్ టేబుల్ కోసం మెమరీ ఇచ్చే పీటీఈ_అలాక్_వన్ ఫంక్షన్‌కి అడ్రస్ ఆర్గ్యుమెంట్ ఉండేది, 2019లో వచ్చిన కెర్నెల్ 5.0లో అన్ని ఆర్కిటెక్చర్లలోనూ ఒకేసారి తీసేశారు, ఎక్కువ భాగం కోడ్‌ని ఆటోమేటిగ్గా మార్చే కాక్సినెల్ స్క్రిప్ట్‌తోనే.

చివరికి నేను పట్టుకుంది ఒకే ఫైల్‌లో ఉన్న స్టాటిక్ ఫంక్షన్, బయట ఎవరూ పిలవరు. పంపాక రివ్యూలో రెండు ప్రశ్నలొచ్చాయి: ఇది ఏ కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) నుంచి వాడకుండా పోయింది, పైన కామెంట్ ఎందుకు వదిలేశావు అని. రెండూ న్యాయమైనవే. గిట్ లాగ్ వెనక్కి తిప్పితే ఆ కమిట్ దొరికింది. కామెంట్‌లో తీసేసిన ఆర్గ్యుమెంట్ వివరం అట్లాగే ఉంది, పైగా పిలిచేవాళ్లు ఎమ్‌మ్యాప్_సెమ్ అనే లాక్ పట్టుకుని ఉండాలని రాసుంది, ఆ లాక్ పేరు 2020లో 5.8లోనే ఎమ్‌మ్యాప్_లాక్ అయిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు వెతికితే కోడ్‌లో ఏం దొరుకుతుంది చెప్పండి? నాకైతే తప్పు కామెంట్ కన్నా కామెంట్ లేకపోవడమే నయం అనిపిస్తుంది.

రెండూ సరిచేసి, కామెంట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే కెర్నెల్-డాక్ స్క్రిప్ట్ నడిపి వార్నింగులు లేవని చూసుకుని రెండో వెర్షన్ (వీ2) పంపా. కోడ్‌లో మారింది నాలుగు లైన్లు, ఎందుకు మార్చానో చెప్పే చేంజ్‌లాగ్ పదిహేను లైన్లు. మూడో రోజు రివ్యూ చేసినవాళ్ల ఆమోదం తెలిపే రివ్యూడ్-బై వచ్చింది.