మడమ, మంచు బాటిల్

పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టగానే మడమలో మేకు దిగినట్టైంది, గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లా. మూడు నెలలుగా ఇదే వరస. అమ్మేమో ఇటుక వేడిచేసి జిల్లేడాకు వేసి కాపడం పెట్టమంటుంది, బెంగళూరు పీజీలో ఇటుక ఎక్కడ తేను తల్లీ!

ఇవాళ జయనగర్‌లో డాక్టర్ బొటనవేలితో మడమ లోపలి వైపు ఒక్కచోట నొక్కారు, ప్రాణం పోయింది. ప్లాంటార్ ఫేషియైటిస్ అంట, అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా పట్టీలా ఉండే కణజాలం రాత్రికి బిగుసుకుపోయి పొద్దున మొదటి అడుగుకి లాగుతుందట. ఎక్స్‌రేలో ఎముక పెరిగినట్టు కనిపించినా చాలామందికి నొప్పి దానివల్ల కాదన్నారు.

"ఇంట్లో ఏం వేసుకుంటారు?" అన్నారు. ఏమీ లేదండీ, ఒట్టి గ్రానైట్. బయటికేమో అరిగిపోయిన హవాయి చెప్పులు, కుడి మడమ దగ్గర కాగితమంత పల్చన.

మెత్తటి చెప్పులు, పిక్కల స్ట్రెచింగ్, నెలలు పడుతుందట. ప్రస్తుతం ఫ్రీజర్‌లో పెట్టిన వాటర్ బాటిల్ పాదం కింద దొర్లిస్తూ ఇది టైప్ చేస్తున్నా.