వామ్ శిలీంధ్రాన్ని కుండీలో పెంచి, వేళ్లకు సిరా పట్టించి చూడటం: నా అనుభవం

వామ్ (వెసిక్యులర్ ఆర్బస్క్యులర్ మైకోరైజా) మొక్కల వేళ్లలో కాపురముండి వాటికి భాస్వరం అందించే శిలీంధ్రం. నత్రజని పట్టే రైజోబియం బ్యాక్టీరియానో, తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా శిలీంధ్రాన్నో పెంచినట్టు వామ్‌ను ఒంటరిగా పెంచలేం. బతికున్న వేరు దొరికితేనే అది పెరుగుతుంది. వేరు తగలకపోతే బీజాంశం మొలకెత్తి, కొద్ది దూరం పాకి, అక్కడే ఆగిపోతుంది. అందుకే దీనికి కుండీ, ఇసుక, మొక్క, నాలుగు నెలల ఓపిక కావాలి. నేను ఈ పని ఎలా చేస్తానో, ఏ మెట్టు దగ్గర ఎందుకు చెడుతుందో రాస్తున్నాను.

ఈ పనిలో మొక్క నిగనిగలాడుతూ ఎదుగుతుంటే సంతోషించకూడదు, అనుమానించాలి. భాస్వరం నేలలో దాదాపు కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా పీల్చేశాక ఆ పట్టీ ఖాళీ అయిపోతుంది, అవతల ఉన్నది ఇవతలికి రాదు. వామ్ పోగు మందం 2 నుంచి 10 మైక్రాన్లే కాబట్టి వేరు దూరలేని సందుల్లోకి దూరి, కొన్ని సెంటీమీటర్ల అవతలి నుంచి భాస్వరం మోసుకొస్తుంది. బదులుగా మొక్క చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. కొవ్వు కోసం ఈ శిలీంధ్రం పూర్తిగా మొక్క మీదే ఆధారపడుతుందని 2017లో తేలింది. భాస్వరం చాలని మొక్క వేళ్లు స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలు వదులుతాయి, ఆ వాసన తగిలాకే వామ్ పోగులు వేరు దగ్గర కొమ్మలు వేస్తాయి. కడుపు నిండిన మొక్క ఆ పిలుపు మానేస్తుంది. కింద చెప్పే కొలతల్లో సగం, మొక్కను ఎంత ఆకలితో ఉంచాలన్న లెక్కే.

మూలపు మట్టి, అంటే వామ్ ఇప్పటికే ఉన్న మట్టి, తేవడంతో పని మొదలు. చాలాకాలంగా దున్నని చోట, గడ్డి దుబ్బుల కిందో పప్పుజాతి మొక్కల కిందో 5 నుంచి 20 సెంటీమీటర్ల లోతు మట్టిని సన్నని వేళ్లతో సహా తీసుకుంటాను. ఒకే గుంటలోంచి కాకుండా అయిదారు చోట్ల నుంచి కలిపి కిలో చాలు. మొదలుపెట్టేవాళ్లు వేళ్లు దులిపేసి మట్టి ఒక్కటే తెస్తారు, అది తప్పు. వేళ్ల ముక్కల్లో ఉన్న శిలీంధ్రం బీజాంశాలకంటే త్వరగా కొత్త వేరును పడుతుంది. ఆవ, క్యాబేజీ జాతి మొక్కల కింద, పాలకూర, బీట్‌రూట్ జాతి మొక్కల కింద వెతకొద్దు, వాటికి వామ్‌తో పొత్తు ఉండదు. వేరుకుళ్లు, నులిపురుగు వల్ల వచ్చే వేరుబుడిపెలు కనిపించిన చోటు కూడా వదిలేయాలి. ఈ పద్ధతిలో నులిపురుగు లోపలికొస్తే తర్వాత బయటికి పంపే దారి లేదు.

ఇసుక ముతకది, రేణువు అర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉన్నది కావాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సన్న ధూళి మిగిలితే కుండీ అడుగున ముద్దకట్టి గాలి ఆడదు, వామ్‌కు గాలి లేకపోతే కుదరదు. తర్వాత ఆవిరి పట్టాలి. ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఆవిరి పట్టే పాత్ర) ఉంటే 121 డిగ్రీల దగ్గర గంట, లేకపోతే మూతపెట్టిన డ్రమ్ములో మధ్యభాగం 80 డిగ్రీలు దాటాక గంట. మర్నాడు మళ్లీ అంతే. రెండోసారి దండగ అనుకోవద్దు: మొదటి వేడికి తట్టుకున్న బ్యాక్టీరియా బీజాలు రాత్రికి రాత్రి మేలుకుంటాయి, వాటిని రెండోరోజు వేడి పట్టుకుంటుంది. ఇసుకలో మట్టి కూడా కలిపి ఆవిరి పడితే రెండు వారాలు ఆరబెట్టి ఆగాలి. వేడికి మట్టిలోంచి మాంగనీసు, అమ్మోనియా ఎక్కువగా విడుదలై లేత వేళ్లను మాడుస్తాయి. ఆవిరి పట్టిన మట్టిలో మొలకలు చచ్చిపోతున్నాయంటే నేను మొదట అనుమానించేది తెగులును కాదు, ఈ తొందరను.

కుండీ లీటరుది. అడుగు రెండు వంతులు ఇసుకతో నింపి, దానిపై 2, 3 సెంటీమీటర్ల మందాన మూలపు మట్టి, వేళ్ల ముక్కలు పరిచి, పైన 3 సెంటీమీటర్ల ఇసుక పోస్తాను. మట్టిని ఇసుకలో కలిపేయవచ్చు కానీ పొరలా పరిస్తే దిగే ప్రతి వేరూ దాన్ని దాటుకునే పోవాలి. ఆశ్రయపు మొక్కగా జొన్న నాకు నమ్మకమైనది: వేళ్లు విస్తారం, ఇసుకలో తట్టుకుంటుంది, కుండీలో నాలుగు నెలలు నిలుస్తుంది. వేళ్లు పరీక్షించడమే ముఖ్యమైతే ఉల్లి మేలు, సన్నగా, రంగు లేకుండా ఉంటాయి. విత్తనాన్ని 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో పది నిమిషాలుంచి, అయిదుసార్లు కడిగి, కుండీకి ఎనిమిది గింజలు వేసి, మొలిచాక నాలుగు ఉంచుతాను.

దీనితోపాటు కంట్రోల్ కుండీలు, అంటే పోలిక కోసం బతికున్న వామ్ లేకుండా ఉంచేవి, పెట్టకపోతే ఎంత శ్రమపడ్డా ఫలితాన్ని నమ్మలేం. కంట్రోల్‌లో కూడా అదే మూలపు మట్టి వేయాలి, కానీ ఆవిరి పట్టినది. ఆవిరితో బ్యాక్టీరియా కూడా పోతుంది గనుక దాన్ని మళ్లీ ఇవ్వాలి: కొంత పచ్చి మట్టిని నీళ్లలో కలిపి, వడపోత కాగితంలోంచి రెండుసార్లు వడకట్టి, ఆ తేట నీటిని అన్ని కుండీలకూ సమానంగా పోయాలి. వామ్ బీజాంశాలు, పోగుల ముక్కలు కాగితం మీద నిలిచిపోతాయి, బ్యాక్టీరియా దిగిపోతుంది. ఇది లాంఛనం కాదు. సేంద్రియ రూపంలో ఉన్న భాస్వరాన్ని విడదీసే శక్తి వామ్‌కు చాలా తక్కువ, పోగుల వెంట కాపురముండే బ్యాక్టీరియా ఆ పని చేస్తుంది. బ్యాక్టీరియా లేని కంట్రోల్‌తో పోలిస్తే, వచ్చిన తేడా వామ్‌దో బ్యాక్టీరియాదో చెప్పలేం.

మేత సంగతికొస్తే, హోగ్లండ్ ద్రావణం (మొక్కలకు పోసే పోషకాల నీళ్లు) పూర్తి బలంతో లీటరుకు 31 మిల్లీగ్రాముల భాస్వరం ఇస్తుంది. నాకు కావలసింది అందులో పదోవంతు. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.36 గ్రాములు లీటరు నీటిలో కరిగించి నిల్వ ఉంచుకుని, అందులోంచి 10 మి.లీ. తీసి లీటరు మేతలో కలిపితే భాస్వరం 3.1 మిల్లీగ్రాములవుతుంది. మిగతా పోషకాలు సగం బలంతో. మొలిచిన రెండు వారాల నుంచి వారానికోసారి కుండీకి 100 మి.లీ. పోస్తాను, మధ్యలో ఉత్త నీళ్లు. మూడో నాలుగో వారంలో ఆకుల అంచులు ఊదారంగు తిరిగితే కంగారుపడి మోతాదు పెంచొద్దు. అది భాస్వరం ఆకలి, మనం కోరుకున్నదే. ఎనిమిదో వారానికీ ఆ రంగు పోకపోతే మాత్రం వామ్ పట్టలేదనో, మేత మరీ పలచనైందనో అనుకోవాలి. మొక్క పూర్తిగా నీరసిస్తే శిలీంధ్రానికి పెట్టడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. కింది ముదురాకులు పసుపెక్కితే అది నత్రజని లోటు, అది సరిదిద్దొచ్చు.

నీడలో పెట్టిన కుండీలు కూడా మోసం చేస్తాయి. పచ్చగానే కనిపిస్తాయి, వేళ్లు చూస్తే శిలీంధ్రం అంతంతమాత్రం. వెలుతురు తగ్గితే కార్బన్ తగ్గుతుంది, మొక్క మొదట కోత పెట్టేది అతిథి వాటాకే. కుండీలను నేల మీద కాకుండా ఇటుకల మీద, జానెడు ఎడంగా పెట్టాలి. ఒక కుండీ అడుగునుంచి కారిన నీళ్లు పక్కదాని అడుగుకు తగిలితే వామ్ కూడా వెళ్తుంది. పైనుంచి చిందే నీళ్లు, చీమలు కూడా అదే పని చేస్తాయి. ఇసుక పైన ఆకుపచ్చ నాచు కట్టిందంటే నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట. తెగులు కనిపించిందని బెనోమిల్, కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశక మందులు పోస్తే వామ్ కూడా దెబ్బతింటుంది.

ఆరో వారంలో ఒకసారి, పన్నెండో వారంలో ఒకసారి వేళ్లు పరీక్షించాలి. మొక్క పీకక్కర్లేదు, సన్నని గొట్టాన్ని ఇసుకలో గుచ్చి తీస్తే చాలినన్ని వేళ్లు వస్తాయి. వేళ్లను కడిగి ఒక సెంటీమీటరు ముక్కలు చేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో 90 డిగ్రీల దగ్గర ఉంచుతాను. ఉల్లి వేళ్లకు పది పదిహేను నిమిషాలు, జొన్న వేళ్లకు అరగంట నుంచి గంట. గాజు పాత్రే వాడాలి. అల్యూమినియం గిన్నెను ఈ క్షారం తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పవు. వేళ్లు గాజుపోగుల్లా పారదర్శకమయ్యాక తీసి, నాలుగుసార్లు నీళ్లతో కడిగి, అయిదు నిమిషాలు వెనిగర్‌లో ఉంచాలి. ఈ పులుపు మెట్టు ఎగరేస్తే లోపల మిగిలిన క్షారం వల్ల రంగు పట్టదు. చాలామంది సిరాను తిట్టుకునేది ఇక్కడే.

రంగుకు 5 మి.లీ. ఫౌంటెన్ పెన్ను సిరా, 95 మి.లీ. వెనిగర్ కలపాలి. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం ఉండాలి. ఆ ద్రావణంలో వేళ్లను మూడు నిమిషాలు మరిగించి, కొన్ని చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెడితే అదనపు రంగు వదులుతుంది. 1998లో వచ్చిన పద్ధతి ఇది. అంతకుముందు అందరూ వాడిన ట్రైపాన్ బ్లూ క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం, నేను దాని జోలికి పోను. అన్ని సిరాలూ పనిచేయవు గనుక కొత్త సీసాను మొదట ఉల్లి వేళ్లపై ప్రయత్నించి చూడాలి.

మైక్రోస్కోపు కింద 100, 200 రెట్లలో పెట్టినప్పుడు ముందు కనబడేది లేతనీలం నేపథ్యంలో వేరు పొడవునా, కణాల మధ్య సమాంతరంగా పరుగెత్తే ముదురు నీలం పోగులు. వాటిలో అడ్డుగోడలు దాదాపు ఉండవు. క్రమం తప్పకుండా అడ్డుగీతలు కనిపిస్తే అది వేరే శిలీంధ్రం, లెక్కలోకి తీసుకోకూడదు. ఫోకస్ కొద్దిగా దించితే కణం లోపల పొదలా, చివరికి పోయేకొద్దీ సన్నబడే కొమ్మలతో ఆర్బస్క్యూల్ కనిపిస్తుంది. భాస్వరం చేతులు మారేది అక్కడే. దాని ఆయుష్షు కొద్ది రోజులే, తర్వాత ముద్దగా కుంగిపోతుంది. కాబట్టి ముదురు వేళ్లలో అది లేకపోతే పొత్తు లేదని కాదు. కోడిగుడ్డు ఆకారంలో నిండుగా ఉండేవి వెసికిల్స్, కొవ్వు నిల్వలు. గిగాస్పోరా కుటుంబపు వామ్‌కు వేరు లోపల వెసికిల్స్ అసలుండవు. వేరు నడుమ నీరు మోసే గొట్టాలపై ఉండే స్ప్రింగు చుట్టలు కూడా రంగు పట్టుకుని కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తాయి.

లెక్కకు, అడుగున గీతల గళ్లు ఉన్న పెట్రీ డిష్‌లో వేళ్లు పరిచి, వేరు గీతను దాటిన ప్రతిచోటా చూస్తాను. కనీసం 100 కూడళ్లు ఉండాలి. 120 కూడళ్లలో 78 చోట్ల వామ్ ఉంటే 65 శాతం. ఆరో వారంలో ఉన్న శాతం పన్నెండో వారానికి బాగా పెరగాలి. కంట్రోల్ వేళ్లలో ఒక్క ఆర్బస్క్యూల్ కనిపించినా ఆ విడత మొత్తాన్ని ఒప్పుకోను.

పద్నాలుగు, పదహారు వారాలకు నీళ్లు ఆపేయాలి. రెండు వారాలు ఎండే క్రమంలో శిలీంధ్రం బీజాంశాలను ముదరబెట్టుకుంటుంది. తర్వాత మొక్కను ఇసుక మట్టానికి కోసి, వేళ్లను సెంటీమీటరు ముక్కలు నరికి, ఇసుకతో కలిపి నీడలో ఆరబెడతాను. బీజాంశాలు చూడాలంటే 50 గ్రాముల ఇసుకను అర లీటరు నీటిలో గట్టిగా కలిపి, పది సెకన్లు ఆగి, పైనీటిని 500 మైక్రాన్ల జల్లెడ మీదుగా 45 మైక్రాన్ల జల్లెడలోకి వంచాలి. ఇలా నాలుగైదుసార్లు. ముత్యాల్లా తెల్లవి, తేనెరంగువి, గోధుమవి కనిపిస్తాయి. సూదితో నొక్కితే నూనె చుక్కలు చిమ్మితే బతికున్నది, బోలుగా పగిలితే ఎప్పుడో పోయినది. ఈ రెండో రకాన్ని కూడా కలిపి లెక్కపెట్టి గ్రాముకు ఇన్నని రాయడం నాకు నచ్చదు.

ఆరబెట్టిన ఈ ఇసుక, వేళ్ల మిశ్రమం వాడేటప్పుడు మొలక వేరు తగిలే చోట, విత్తనం కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతున పడాలి. నేల మీద చల్లితే ఎండకు పోతుంది. ఆవిరి పట్టిన నారు మిశ్రమం, పైపొర గీకేసిన నేల, ఏడాదికి పైగా ఏ పంటా లేక ఖాళీగా ఉన్న నేల, ఇవి వామ్ కోసం ఎదురుచూసే చోట్లు. అలసంద లాంటి పప్పుజాతికైతే రైజోబియంతో కలిపి వాడతాను. ఒక నత్రజని అణువును పట్టడానికి రైజోబియం ఉండే వేరుబుడిపెలో కనీసం 16 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి నాణేలు) ఖర్చవుతాయి, ప్రతి ఏటీపీలోనూ భాస్వరముంటుంది. భాస్వరం బాగా పేరుకున్న నేలలో మాత్రం ఈ శ్రమంతా వృథా. పొలమంతా వాడే ముందు ఒక వరుసకు వేసి, ఒక వరుసకు వేయకుండా, ఆరు వారాలకు రెండింటి వేళ్లకూ సిరా పట్టించి చూడండి. రెండూ ఒకేలా నీలమైతే ఆ నేలలో వామ్ ముందే సరిపడా ఉంది, మిగిలిన సంచులు నారుమడికి ఉంచుకోవచ్చు.