రియో తర్వాత ఎవా

రాత్రి 2016 రియో ఒలింపిక్స్ మహిళల హాకీ ఫైనల్ మళ్లీ చూశాను. నెదర్లాండ్స్, బ్రిటన్ 3-3. ఇక షూటౌట్. 23 మీటర్ల గీత దగ్గర బయల్దేరి, గోల్‌కీపర్‌ని తప్పించి 8 సెకన్లలో గోల్ వేసేయాలి. డచ్ అమ్మాయిలు ఒక్కటీ వేయలేకపోయారు. ఫలితం తెలిసి కూడా టెన్షన్ పడ్డాను.

నా కళ్లన్నీ నెదర్లాండ్స్ మిడ్‌ఫీల్డర్ ఎవా డె గూడె మీదే. 2008, 2012 ఒలింపిక్ స్వర్ణాలు అప్పటికే ఆమె ఖాతాలో ఉన్నాయి. అక్కడితో ఆపేసినా ఎవరూ ఏమీ అనరు. ఆమె ఆపలేదు. 2018, 2019లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి. టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో అదే బ్రిటన్‌పై 5-1, ఫైనల్లో అర్జెంటీనాపై 3-1, మూడో స్వర్ణం! గోల్ కొట్టినవాళ్ల పేర్లే అందరికీ గుర్తుంటాయి గానీ, మిడ్‌ఫీల్డ్‌లో బంతి లాక్కుని ముందుకు అందించే ఇలాంటి వాళ్లంటేనే నాకు ప్రాణం.