ఒక పేపరు, రెండు తేదీలు: నాస్ స్కోరు వెరిఫికేషన్‌లో నా అనుభవం

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి నా సర్టిఫికెట్ వెరిఫికేషన్ గొడవ నిన్ననే తేలింది. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అది తగ్గకముందే రాసేస్తున్నా. అగ్రికల్చర్‌లో పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఓపిగ్గా చదవండి, రేపు మీరూ ఆ టేబుల్ ముందు కూర్చోవాల్సినవాళ్లే.

ఆన్‌లైన్ దరఖాస్తు, ఫీజు, ఫోటో సైజు, పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా మెమోలు, నెట్ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం... ఇవన్నీ సాఫీగానే అయిపోయాయి. సర్వర్ ఒకసారి పడుకుంది, మర్నాటికి లేచింది. నన్ను ఏడిపించింది మాత్రం పబ్లికేషన్ల కాలమ్, అంటే అచ్చయిన పరిశోధన పేపర్ల లెక్క.

ఈ ఫీల్డు కానివాళ్ల కోసం రెండు ముక్కలు. ఢిల్లీలో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అని ఒకటుంది, 1990లో పెట్టారు, మేమంతా నాస్ అంటాం. ఏటా జర్నళ్లకి, అంటే పరిశోధన పత్రికలకి, స్కోర్లు వేసి జాబితా ఇస్తుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) లేని జర్నల్‌కి ఎంత మంచిదైనా ఆరు దాటదు. ఉన్నదానికి ఆరుకి ఆ ఫ్యాక్టర్ కలుపుతారు, అంటే ఫ్యాక్టర్ 0.4 అయితే స్కోరు 6.4 అన్నమాట. కొత్త జాబితా జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. ఈ జనవరి 1 అన్నది గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని చుట్టూనే.

నా పేపరు కందిలో శనగపచ్చ పురుగు మీద. పొలంలో లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరతో మగవాటిని రప్పించేవి) పెట్టి, ప్రతి వారం వాటి కింద వేలాడే ప్లాస్టిక్ సంచి దారం విప్పి, అందులో పడ్డ మగ రెక్కల పురుగులను లెక్కపెట్టి, ఆ వారం ఉష్ణోగ్రత, తేమ, వానతో పోల్చి చూడటం. చెప్పడానికి ఒక్క వాక్యమే గానీ, ఆ సంచిలోంచి రాలే రెక్కల పొడి చేతికీ ముక్కుకీ పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. మబ్బు పట్టిన వారాల్లో బుట్టలు నిండేవి, తర్వాతి వారం దాదాపు ఖాళీ. రెండు సీజన్ల లెక్కలున్నాయి కాబట్టే రివ్యూయర్లు ఎక్కువ గోల చేయలేదు. ఒకాయనైతే డేటా శుభ్రంగా ఉందని రాశారు, ఆ మాట ఇప్పటికీ మా సార్ అందరికీ చెబుతుంటారు. నేనూ చెబుతుంటాను, తప్పేముంది!

పేపరు డిసెంబరులో ఆన్‌లైన్‌లో వచ్చింది, డీఓఐ నంబరుతో (ఆన్‌లైన్‌లో పేపరుకి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) సహా. కానీ దాన్ని చేర్చిన సంచిక జనవరిది. ఈ మధ్యలో ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాస్తా పోయింది, కొత్త జాబితాలో స్కోరు ఆరు కిందికి దిగింది. మా నోటిఫికేషన్‌లో ఆరు పైన ఉన్న జర్నల్‌లో పేపరుకి ఇన్ని మార్కులని ఒక లెక్క, కింద ఉన్నదానికి అందులో సగం. స్కోరు ఏ ఏడాదిది వేసుకోవాలంటే, "ప్రచురణ అయిన సంవత్సరానిది" అని రాశారు. నేను డిసెంబరు స్కోరు వేసుకున్నాను, ఎందుకంటే పేపరు డిసెంబరులో ప్రచురణ అయింది కాబట్టి.

వెరిఫికేషన్ రోజు హాల్లో టేబుళ్లు వరసగా వేశారు. ఒక్కో టేబుల్ దగ్గర ఇద్దరు, ఎదురుగా ఒక కుర్చీ, వెనకే మిగతా అభ్యర్థుల క్యూ. మాట్లాడేదంతా వెనకవాళ్లకి వినిపిస్తుంది. నా ఫైలు ట్యాగు విప్పి పేజీలు తిప్పుతున్నాయన ఆ పేపరు దగ్గర ఆగాడు. మొదటి పేజీలో పైన సంచిక నెల, కింద చిన్న అక్షరాల్లో అందిన తేదీ, ఆమోదించిన తేదీ, ఆన్‌లైన్‌లో వచ్చిన తేదీ ఉంటాయి కదా. ఆయన వేలు పైనే ఉంది, కిందికి దిగదు.

"ఏమ్మా, ఇది జనవరి పేపరు. పోయినేడాది స్కోరు ఎట్లా వేసుకున్నావు?"

"సార్, ఆన్‌లైన్‌లో డిసెంబరులోనే వచ్చింది, కింద తేదీ ఉంది చూడండి."

"ఆన్‌లైన్ సంగతి మాకొద్దు. జర్నల్ మీద జనవరి ఉందా లేదా?"

ఉంది సార్ అన్నాను. ఉంది అన్నానో లేదో, ఎర్ర పెన్ను తీసి నా స్కోరు కొట్టేసి పక్కన సగం వేశాడు. అంతటితో ఆగినా ఊరుకునేదాన్నేమో. ఒక తెల్లకాగితం నా ముందుకి తోసి, "స్కోరు ఎక్కువ చూపించాను, సవరణకు ఒప్పుకుంటున్నాను అని రాసి సంతకం పెట్టమ్మా, తొందరగా, వెనక జనం ఉన్నారు" అన్నాడు. ఎక్కువ చూపించడమట! దొంగ సర్టిఫికెట్ పట్టుకున్నట్టు గట్టిగా అన్నాడు ఆ మాట. వెనక నా జూనియర్ ఒకమ్మాయి ఉంది, నా క్లాసులు విన్న పిల్ల. తల దించుకుని ఫోన్ చూసుకుంటోంది, పాపం నన్ను చూడకూడదని. చెవులు వేడెక్కిపోయాయి నాకు.

సంతకం పెట్టలేదు. నోటిఫికేషన్ ప్రింటు తీసి "ప్రచురణ" అంటే ఆన్‌లైనా, సంచికా, ఎక్కడ రాశారో చూపించండి సార్ అన్నాను. ఆయన పక్కనున్నావిడ వైపు చూశాడు, ఆవిడ ఇంకో టేబుల్ వైపు చూసింది. ఆ టేబుల్‌లో ఎవరికీ తెలియదు. తెలియదని మాత్రం ఒక్కరూ అనరు! "అందరూ ఒప్పుకుంటున్నారు, మీకే ఏంటి ప్రాబ్లం" అన్నారు. అందరూ ఒప్పుకుంటున్నది సబబని కాదండీ, భయంతో. సీటు పోతుందని, సార్‌కి కోపం వస్తుందని. పురుగుమందుల మోతాదు మీద గంటసేపు వాదించే పీహెచ్‌డీ వాళ్లం, ఒక గుమాస్తా ఎర్ర పెన్ను ముందు నోరు మూసుకుంటాం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నాస్ అంటే మా వాళ్లకి ఈ స్కోరు తప్ప ఇంకేమీ తెలియదు. హరిత విప్లవం స్వామినాథన్ గారు 1990ల్లో అధ్యక్షులుగా ఉన్న అకాడమీ అది. రెండేళ్లకోసారి అగ్రికల్చరల్ సైన్స్ కాంగ్రెస్ పెడుతుంది, 2023లో కొచ్చిలో జరిగింది. పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టకుండా హ్యాపీ సీడర్ అనే విత్తే యంత్రంతో నేరుగా గోధుమ విత్తుకోవచ్చని 2017లో పాలసీ బ్రీఫ్ వేసింది. 2019లో జీరో బడ్జెట్ సేద్యానికి (రసాయన ఎరువులు, మందులు కొనకుండా చేసే ప్రకృతి సేద్యం) శాస్త్రీయ ఆధారాలు చాలవని ప్రభుత్వానికే చెప్పింది. మన ఆంధ్రాలో ఆ పద్ధతి జోరుగా నడుస్తున్న రోజులవి, ఆ మాటతో ఏకీభవించినా లేకపోయినా, అకాడమీ చేయాల్సిన పని అదే. ఇవి చదివినవాళ్లు మా డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది? జర్నల్ జాబితా మాత్రం అందరి ఫోన్లలో ఉంటుంది.

పోనీ ఆ అంకెలోనైనా అంత సారం ఉందా అంటే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చెప్పేది జర్నల్ మొత్తానికి సగటున ఎన్ని ఉటంకింపులు వచ్చాయనే, నా బుట్టల లెక్క సరైనదో కాదో అది చెప్పదు. జర్నల్ అంకెతో మనిషి పరిశోధనని కొలవొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు కూర్చుని మరీ డిక్లరేషన్ తయారుచేశారు. 2023 జూన్‌లో అంతకుముందు ఫ్యాక్టర్ లేని బోలెడు జర్నళ్లకి కొత్తగా ఇచ్చారు. అలా ఫ్యాక్టర్ వచ్చిన జర్నల్ ఆరు దాటుతుంది, పోయినది కిందికి దిగుతుంది. మధ్యలో పేపర్లో ఒక్క అక్షరం కూడా మారదు.

సరే, అసలు విషయం. హాల్లోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చునే ఎడిటర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రాదనుకున్నా. ఆ రాత్రే వచ్చింది, లెటర్‌హెడ్ మీద, ఈ వ్యాసం ప్రచురణ తేదీ ఫలానా డిసెంబరు అని సంతకంతో. ముఖం చూడని మనిషి ఒక్క మెయిల్‌కి పని చేసిపెట్టారు, ఎదురుగా కూర్చున్నవాళ్లు కాగితం కింద భాగం చదవలేకపోయారు. ఆ లెటరూ, డీఓఐ పేజీ ప్రింటూ, రెండేళ్ల నాస్ జాబితాల్లో మా జర్నల్ ఉన్న పేజీలూ జతచేసి అర్జీ ఇచ్చాను. కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో స్టాంపు వేయించుకోవడానికే సగం రోజు పట్టింది. "లోపల పెట్టేయండి మేడం, స్టాంపెందుకు" అంటారు. వినొద్దు. స్టాంపు, నంబరు లేకపోతే ఆ కాగితం మీరు ఇవ్వనట్టే.

తర్వాత పిలిచింది వేరే పెద్దాయన. కింది తేదీ చదివాడు, లెటర్ చదివాడు, "ఇది ముందే తెచ్చుంటే సరిపోయేది కదమ్మా" అన్నాడు. తేదీ ముందే ఉంది సార్, మొదటి పేజీలోనే, అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. పూర్తి మార్కు వేసి ఇనిషియల్ పెట్టాడు. ఎర్ర పెన్నాయన అప్పుడు పక్కనే ఉన్నాడు, సారీ కాదుగదా, తలెత్తి కూడా చూడలేదు.

మీకు చెప్పేది ఇంతే. పేపరు ఆన్‌లైన్‌లోకి వచ్చిన రోజే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. ఏటా నాస్ జాబితా డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, పాతది కావాల్సి వచ్చినప్పుడు వెతుక్కుంటూ కూర్చోలేరు. నవంబరు, డిసెంబరుల్లో యాక్సెప్ట్ అయిన పేపరు ఏ సంచికలో పడుతుందో ఎడిటర్‌ని అడిగి తెలుసుకోండి. సీనియర్లు చెప్పే "ఏం పర్లేదు, చూసుకుంటారులే" అన్న మాట నమ్మకండి, వాళ్ల కాలంలో చూసుకున్నారేమో గానీ ఇప్పుడు ఎవరూ చూసుకోవట్లేదు. తెల్లకాగితం మీద సంతకం అడిగితే మాత్రం, వెనక ఎంత క్యూ ఉన్నా, కుర్చీలోంచి లేవండి.

ఆ జూనియర్ అమ్మాయి రాత్రి మెసేజ్ పెట్టింది, తనదీ అదే జర్నల్, అదే సంచిక, తను సంతకం పెట్టేసిందట. అర్జీ నమూనా పంపించాను. ఎడిటర్ మెయిల్ ఐడీ జర్నల్ వెబ్‌సైట్‌లోనే ఉందని చెప్పాను, ఈపాటికి రాసే ఉంటుంది.