సంగటి ముద్ద గొంతు దాటితే ఇంక మన చేతుల్లో లేదు

డల్లాస్‌లో మావాడి సైన్స్ క్లాసులో వాలంటరీ (మన మాట వినేవి), ఇన్‌వాలంటరీ (వాటంతటవే పనిచేసేవి) అని రెండు గళ్ళు గీసి కండరాలన్నీ వాటిల్లో సర్దేశారు, చెయ్యీ కాలూ ఇటు, గుండె పేగులు అటు, అంతే. సెలవులకి జమ్మలమడుగు దగ్గర మా ఊరికొచ్చి అవ్వ చేతి సంగటి ముందర కూచున్నాక ఆ లెక్క కుదర్లేదు.

సంగటి తినడం తెలిసినోళ్ళు నమలరు, నమిలితే పళ్ళకి అంటుకుంటది. చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, నాటుకోడి పులుసులో ముంచి గుటుక్కున మింగడమే. వీడేమో బబుల్‌గమ్ లాగా నములుతానే ఉన్నాడు. "నమలాకు నాయనా, మింగు" అని అవ్వ, "గొంతులో ఇరుక్కుంటుంది" అని వాడు.

నేను అక్కడ ఆస్పత్రిలో చేసేది ఇదే పని, పక్షవాతం వచ్చినోళ్ళకి మళ్ళీ మింగడం నేర్పిస్తాను, అందుకని ఊరుకోలేక వాడి వేలు తీసి వాడి గొంతు మీద పెట్టి ఇప్పుడు మింగరా అన్నా. గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది. నాలుకతో ముద్దని వెనక్కి నెట్టేదాకే మన ఇష్టం, అది గొంతు వెనక తగిలిందంటే నరాలు మెదడు కాండంలోని మెడుల్లాకి కబురు పంపుతాయి, ఇంక అక్కడినుంచి హుకుం దానిదే, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, గాలిగొట్టం మూసుకుంటుంది. తమాషా ఏందంటే ఆ గొంతు కండరాలు కూడా చేతి కండరాల జాతివే, కానీ ఆ క్షణంలో మన మాట వినవు. అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్లు, పైభాగంలో ఆ జాతి కండరం, కింద పేగుల్లో ఉండే నున్నటి కండరం, ముద్దని అలలాగా పిసుక్కుంటూ 8, 10 సెకండ్లలో కడుపులోకి దించేస్తాయి, తలకిందులుగా వేలాడుతూ మింగినా సరే.

నమ్మకపోతే నోట్లో ఏమీ లేకుండా వరసగా నాలుగైదుసార్లు మింగి చూడు అన్నా. మూడోసారికే కష్టమైపోయింది, గొంతు వెనక తగలడానికి ఉమ్మి కూడా మిగల్లేదు మరి. పేషెంట్లకి పల్చటి నీళ్ళకన్నా చిక్కటి జావే మేలని చెప్పేది కూడా ఇందుకే, నీళ్ళు జర్రున జారిపోతాయి, గాలిగొట్టం మూసుకునే టైం కూడా ఇవ్వవు.

ఇవన్నీ వింటూ నోట్లో ముద్ద పెట్టుకుని ఏదో అడగబోయాడు, పొలమారింది. మాట్లాడాలంటే ఆ దారి తెరవాలి, మింగాలంటే మూయాలి, రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయి. దగ్గు దానంతటదే తన్నుకొచ్చింది, దానికీ మన పర్మిషన్ అక్కర్లేదు. అవ్వ నడినెత్తిన తట్టి "ఎవురో తలుచుకుంటాండారు" అంది.

"డాడీ అయ్యుండడు అవ్వా, అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి, గురక పెడుతుంటాడు" అన్నాడు వాడు కళ్ళు తుడుచుకుంటా. గురక ఏ గడిలోకి వస్తుందని కూడా అడిగాడు గానీ, ముందు నోట్లోది మింగు, తర్వాత చెప్తా అన్నా.