వెర్చెల్లిలో గుయిదో ఆరా జాడ

టూరిన్ నుంచి మిలాన్ వెళ్లే రైలు కివాస్సో దాటిన కాసేపటికే కిటికీ బయట వరి మడులు మొదలయ్యాయి. నీళ్లు పెట్టిన మళ్లు, మట్టి గట్లు, వాటి మీద కొంగలు. పో నది నీటిని కివాస్సో దగ్గర నుంచి ఇటు మళ్లించే కవూర్ కాలువ 1866 నుంచి ఉంది. ఇటలీలో వరికి రాజధాని అనదగ్గ ఊరు వెర్చెల్లి. జనాభా యాభై వేలు కూడా ఉండదు. అయినా ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో మిలాన్, టూరిన్, జెనోవాలను ఓడించిన ఊరు ఇదే. ఆ జట్టు మిడ్‌ఫీల్డర్ గుయిదో ఆరా కోసమే నేను వచ్చాను.

ఆరా 1888లో ఇక్కడే పుట్టాడు. ఆయన ఆడిన ప్రో వెర్చెల్లి మొదట వ్యాయామ సంఘం. ఫుట్‌బాల్‌ను అందులోకి తెచ్చింది మార్చెల్లో బెర్తినెత్తి, తర్వాత ఒలింపిక్స్‌లో కత్తియుద్ధంలో బంగారు పతకాలు గెలిచినాయన. ఆ కసరత్తుల పుణ్యమే కావచ్చు, చివరి నిమిషం దాకా పరుగెత్తే దమ్ము ఈ కుర్రాళ్ల సొంతమైంది. అప్పట్లో ఇద్దరు డిఫెండర్లు, వాళ్ల ముందు మధ్య వరసలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లతో ఆడేవారు. ఆరా, జుసెప్పె మిలానో, పియెత్రో లియోనె. ఈ ముగ్గురి మధ్య వరసే ప్రత్యర్థిని ఆపేది, బంతిని ముందుకు పంపేది. నా దృష్టిలో ఆ జట్టు గెలుపుల అసలు రహస్యం అక్కడే ఉంది.

1908 నుంచి 1913 వరకు ఆరు ఇటలీ ఛాంపియన్‌షిప్‌లలో ఐదు వీళ్లవే. పోయిన ఆ ఒక్కటీ 1910ది. మిలాన్ జట్టు ఇంటర్‌తో పాయింట్లు సమానమయ్యాయి. నిర్ణాయక మ్యాచ్ వాయిదా వేయమంటే ఫెడరేషన్ ఒప్పుకోలేదు. కోపంతో ప్రో వెర్చెల్లి చిన్నపిల్లల జట్టును దింపి 10-3తో ఓడింది. ఆపై సస్పెన్షన్. అందుకే ఆ మే నెలలో ఇటలీ ఆడిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఈ ఊరివాళ్లు ఒక్కరూ లేరు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

స్టేషన్ ఎదుటే 1219లో మొదలుపెట్టిన సంత్ ఆంద్రెయా బసిలికా అనే పెద్ద చర్చి. దాన్ని చూసి, మధ్యాహ్నం పనిస్సా తిన్నాను. బియ్యం, రాజ్మాలాంటి గింజలు, పంది సలామీ కలిపి వండుతారు. శాకాహారులు ముందే అడిగి చూసుకోవాలి. అక్కడి నుంచి స్టేడియానికి నడిచాను. అది 1932 నాటిది, పేరు తర్వాతి తరం గోల్‌వీరుడు సిల్వియో పియోలాది. పక్క ఊరు నొవారా స్టేడియానికీ ఆయన పేరే.

ఫుట్‌బాల్ సుకుమారమైన అమ్మాయిల ఆట కాదని ఆరా అన్నట్టు చెబుతారు. ఆటలోని మొరటుదనం గురించే ఆ మాట. కానీ ఈ ఊళ్లో నిలబడి దాన్ని ఒప్పుకోలేకపోయాను. ఆ రోజుల్లోనే ఇక్కడి ఆడవాళ్లు మోకాటి లోతు నీళ్లలో నడుము వంచి కలుపు తీసేవారు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1906లో సమ్మె చేసి సాధించుకున్నారు. వాళ్లకు లేని దమ్మా!

సాయంత్రం టూరిన్‌కు తిరుగు రైలెక్కాను. ఆరా గొప్ప రోజు కూడా ఆ నగరంలోదే. 1913 మే 1న బెల్జియంతో ఆడిన ఇటలీ జట్టులో పదకొండు మందికి తొమ్మిది మంది ప్రో వెర్చెల్లి వాళ్లు. ఇటలీ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టింది ఆరా.